ముప్పై రెండో నంబరు ఇల్లు

ఉప్పులదిబ్బ, కాట్రేనికోన దగ్గర
16 ఏప్రిల్ 1997

ఒరేయ్ గంగరాజూ,

నేను బతికే ఉన్నాను. ఎండ దెబ్బకు రెండో రోజే మూట కట్టుకుని రాజమండ్రి బస్సెక్కేస్తానని నువ్వు పందెం కాశావటగా! మీ ఆవిడ పాపాయమ్మ మా ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఇవాళ్టికి పదో రోజు. ముక్కు మీద తోలు ఊడింది తప్ప మనిషిని నిక్షేపంగా ఉన్నాను.

ఊరి సంగతి రాస్తాను. కిందటి నవంబరు తుపాను ఇక్కడ నిలబెట్టి వదిలింది దాదాపు ఏమీ లేదు. కొబ్బరిచెట్లు ఇప్పటికీ పడ్డవి పడ్డట్టే ఉన్నాయి, అన్నీ ఒకే వైపు తలలు పెట్టుకుని. ముప్పై రెండు కుటుంబాలు. సముద్రం మీద, కూలిపని మీద బతికేవాళ్లు. అయిదు నెలలుగా ప్లాస్టిక్ పట్టాల కింద కాపురం చేస్తున్నారు. ఒక సేవాసంఘం వాళ్లు వీళ్లకు ఇళ్లు కట్టిస్తామని ముందుకొచ్చారు. వానలు దిగేలోగా, అంటే మృగశిర కార్తెకు, పని పూర్తవాలి. మేం పన్నెండు మంది వాలంటీర్లం. పదకొండు మంది కాలేజీ పిల్లలు, పన్నెండో వాణ్ణి నేను. రిటైరైన లెక్కల మేస్టారిని కాబట్టి ప్లాను గీయడం, కొలతలు, ముగ్గు పోయడం నా వంతు.

నా ప్లాను చూస్తే నువ్వు కూడా మెచ్చుకుంటావు, లెక్కల్లో నీకు ఎన్నడూ ముప్పై దాటకపోయినా సరే. నాలుగు వరసలు, వరసకు ఎనిమిది ఇళ్లు, మధ్య పన్నెండడుగుల వీధి. ఇటుక గోడలు, సరుగుడు వాసాలు, పైన సిమెంటు రేకులు. అన్ని గుమ్మాలూ సముద్రం వైపే. దారం పట్టి చూస్తే ఒక్క గోడ కూడా అంగుళం అటూ ఇటూ ఉండదు. ఊరందరినీ కూర్చోబెట్టి గీసి చూపించాను. ఒక్కరు ఎదురు చెప్పలేదు. "ఆయ్, అలాగేనండి మేస్టారండీ" అన్నారు. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను గానీ ఇంత శ్రద్ధగా విన్న క్లాసును చూడలేదు.

ఒక్కటే అడ్డం వచ్చింది. సూరమ్మ అని ఒకావిడ ఉంది, అరవై ఏళ్లు ఉంటాయి. భర్త పోయి చాలా కాలమైంది, చేపల గంప మోసి బతికింది. ఆమె పాత చుట్టిల్లు నా మూడో వరసకు సరిగ్గా నడిమధ్య ఉంది. గుండ్రటి మట్టి గోడ, తాటాకు కప్పు. తుపానుకు ఊళ్లో నిలిచింది ఆ ఇల్లొక్కటే. దాన్ని తీసేస్తే గాని వరస తిన్నగా రాదు. పైగా పాత ఇల్లుంటే అది తీసేశాకే కొత్తది ఇవ్వాలని సంఘం నియమం. "అమ్మా, మే నెలాఖరుకు ఇది తీసేసి కొత్తది కట్టిస్తాం" అన్నాను. ఆమె కూడా అలాగేనండి అంది. గండం గడిచిందనుకున్నాను.

ఇప్పుడు నీతో పని. రెండు వందల సరుగుడు వాసాలు కావాలి, తొందరగా కావాలి. నీ నర్సరీ వెనక ఉన్న సరుగుడు తోట ఇన్నాళ్లకు ఒక పుణ్యకార్యానికి పనికొస్తుంది.

నీ
అబ్రహాము

*

కడియం
22 ఏప్రిల్ 1997

అబ్రహాము మేస్టారి దివ్య సముఖానికి,

కడియంలో మొక్కలకు నీళ్లు పోసుకునే గంగరాజు రాయునది. పందెం ఓడిపోయాను. మా ఆవిడ ముందు తలెత్తుకోలేకపోతున్నాను గానీ, ఓడిపోయినందుకు లోపల్లోపల సంతోషంగానే ఉంది.

ఒరేయ్, మీ పెరట్లో తీగ కట్టడానికి మేకు కొట్టబోయి వేలు చితక్కొట్టుకుంటే నిన్ను రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయినవాణ్ణి నేను. అలాంటివాడు ముప్పై రెండు ఇళ్లకు ముగ్గు పోస్తున్నాడంటే ముందు నవ్వొచ్చింది. తర్వాత నీ ఉత్తరం రెండోసారి చదివాను. నవ్వు రాలేదు. మన వయసు వాళ్లందరం ఫ్యాను కింద పడుకుని ఎండలు మండిపోతున్నాయని తిట్టుకుంటున్నాం. నువ్వు ఆ ఎండలో దారం పట్టుకుని నిలబడ్డావు.

వాసాలు పంపుతున్నాను. ఏరి ఏరి తిన్నటివి కొట్టించాను, ఒక్కదానికి వంకర లేదు. మా డ్రైవరు దొరబాబు లారీ శనివారం బయల్దేరుతుంది. మొక్కలతో ఒరిస్సా పోవాల్సిన లారీని నీకోసం ఆపాను. ఇంత త్వరగా సామాను దింపినవాడు ఎవడున్నాడో మీ సంఘం వాళ్లను చెప్పమను చూద్దాం.

నిజం చెప్పాలంటే నాకు కాస్త అసూయగా ఉంది. నేను ఏటా లక్ష మొక్కలు పెంచి లారీలెక్కిస్తాను. అవి ఎవరింటి ముందు పెరుగుతాయో నాకు తెలియదు. నువ్వు కట్టే గోడ వెనక ఎవరు పడుకుంటారో నీకు పేరుతో సహా తెలుసు.

వేలు జాగ్రత్త.

గంగరాజు

*

ఉప్పులదిబ్బ
4 మే 1997

గంగరాజూ,

వాసాలు చేరాయి. చూసి పిల్లలందరూ ఈలలు వేశారు. నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పదకొండు ఇళ్లు లేచాయి. ఈ జనం పని చేస్తుంటే చూడాలిరా. ఆడవాళ్లు తెల్లారకుండానే కాలవ దాటి మంచినీళ్లు మోసుకొచ్చి, మాకు వండిపెట్టి, మళ్లీ ఇటుకలు అందించడానికి వచ్చి నిలబడతారు. ఇల్లూ వాకిలీ పోయి, కొందరికి ఇంట్లో మనుషులే పోయి, అయినా పొద్దున్నే మమ్మల్ని చూసి "కాఫీ తాగేరాండి?" అని అడుగుతారు.

ఒక్క విషయమే అర్థం కావడం లేదు. పూర్తయిన ఇళ్లలోకి ఎవరూ దిగడం లేదు. వలలు పెట్టుకుంటున్నారు, పుల్లలు పెట్టుకుంటున్నారు. వాళ్లు మాత్రం పట్టాల కిందే పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే, "దిగుతామండి, మంచిరోజు చూసుకుని దిగుతామండి" అంటారు. సరేలే అనుకున్నాను.

మొన్న సూరమ్మ చుట్టిల్లు కొలవడానికి వెళ్లాను, తీసేస్తే ఎంత చోటు వస్తుందో చూద్దామని. చూరు నా నడుం దాకా దిగి ఉంది. ఒళ్లంతా వంచితే గాని లోపలికి పోలేం. లోపల ఎంత చల్లగా ఉందో! పైకి చూశాను. ఒక్క మేకు లేదు. వాసాలన్నీ కొబ్బరిపీచు తాడుతో బిగించి కట్టినవే. ఎవరు కట్టారమ్మా అంటే, "నేనేనండి" అంది. ఇక్కడ మగవాళ్లు వేటకు పోతే కప్పు కట్టే పని ఆడవాళ్లదేనట. ఈమె తల్లి దగ్గర నేర్చుకుందట.

తుపాను రోజు ఊరు దాటలేకపోయిన ముప్పై నలుగురు ఆ ఒక్క ఇంట్లోనే తలదాచుకున్నారు. కూర్చోవడానికి చోటు లేక నిలబడే ఉన్నారు. ఆమె ఒక మూల పొయ్యి వెలిగించి, కుండెడు గంజి కాచి, లోటాతో ఒకరి తర్వాత ఒకరికి అందించింది. ఈ సంగతి ఆమె చెప్పలేదు, వాళ్ల అబ్బులు చెప్పాడు. అబ్బులు ఆమె కొడుకు, ఊరికి పెద్ద. ఆమెను అడిగితే, "గంజేనండి, ఏం పెట్టేనండి" అంది.

గొప్ప మనిషి. ఆమెకు కట్టే కొత్త ఇంటికి నేనే స్వయంగా గుమ్మం నిలబెట్టాలని ఉంది. మే నెలాఖరున పాతది తీసేస్తాం.

అబ్రహాము

*

ఉప్పులదిబ్బ
14 మే 1997

గంగరాజూ,

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఎండలు మరీ ముదిరాయి. నువ్వు పంపిన మామిడిపళ్ల బుట్ట అందింది, పిల్లలు ఒక్క పూటలో ఖాళీ చేశారు. కొంచెం గాలి కొట్టింది. పని నడుస్తోంది.

వీలైతే మరో ఇరవై వాసాలు పంపు. తొందరేమీ లేదు.

అబ్రహాము

*

కడియం
19 మే 1997

అబ్రహామూ,

నువ్వు రాసిన ఏడు వాక్యాల ఉత్తరం అందింది. దానికంటే ముందు దొరబాబు వచ్చాడు. మీ వైపు కొబ్బరికాయల లోడుకు వెళ్లి, దారేగా అని నిన్ను చూడ్డానికి దిబ్బకు వచ్చాడట. నువ్వు వాడికి టీ ఇప్పించి, ఏమీ చెప్పకుండా పంపించేశావు. కళ్లున్నవాడు కదా, చూసొచ్చాడు.

పదకొండో తేదీ ఆదివారం మధ్యాహ్నం గాలివానకు మూడు ఇళ్ల కప్పులు లేచిపోయాయట. ఒకదాని రేకులు కాలవలో పడ్డాయట. లోపల ఎవరూ లేరు గనక సరిపోయింది. ఇదేనా నీ "కొంచెం గాలి కొట్టింది"?

నా దగ్గర దాచావు. అదీ నా బాధ. చిన్నప్పుడు ఇన్‌స్పెక్టరు అడిగిన లెక్క నువ్వు తప్పు చేస్తే, స్కూలు వెనక కూర్చుని ఏడిచి నాకొక్కడికే చెప్పావు. అరవై దగ్గరికొచ్చాక నాకు చెప్పలేని మాట ఏమొచ్చింది?

నీ మనసు నాకు తెలుసు. బోర్డు మీద రాసింది తప్పయినా ఎప్పుడూ తుడవని మేస్టారివి నువ్వు. ముప్పై నాలుగేళ్లు నీ డస్టరుకు సుద్ద అంటలేదని పిల్లలు చెప్పుకునేవారు. ఇప్పుడు ఏం జరిగిందో నిజం రాయి. తిట్టను.

గంగరాజు

*

ఉప్పులదిబ్బ
22 మే 1997

గంగరాజూ,

రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ ఆదివారం మేం ఆరాధన ముగించుకుని భోజనాలకు కూర్చున్నాం. తూర్పున నల్లగా కమ్మింది. పావుగంట గాలి, అంతే. ఈ ఊరివాళ్ల లెక్కలో అది గాలి కిందికే రాదు. మొదటి వరసలో మూడు కప్పులు మేకులతో సహా ఊడి లేచాయి. నేను విస్తరి ముందు అలాగే కూర్చుండిపోయాను. నేను గీసిన గీతలు, నేను పట్టిన దారం. మంచిరోజు చూసుకుని వాళ్లు అందులోకి దిగి ఉంటే ఏమయ్యేదో నీకు చెప్పనక్కర్లేదు.

ఊళ్లో ఒక్కరు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ కొట్టింది. గాలి తగ్గగానే సూరమ్మ మజ్జిగ పట్టుకొచ్చింది. "తాగండి మేస్టారండీ, ఎండన పడ్డారు" అంది. తాగలేదు. "అమ్మా, ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?" అన్నాను. నేల చూసింది. "తెలుసండి" అంది.

"మరి చెప్పలేదే?"

"మీరు పెద్దోరండి. చదువుకున్నోరు. మాకోసం ఇంతెండలో వచ్చేరు. ఎదురు మాటాడితే బాగోదు కదండీ."

ఒరేయ్, నేను ముప్పై రెండు కుటుంబాలను కూర్చోబెట్టి చెప్పానే గాని, ఒక్కరినైనా అడగలేదు. మర్యాదను ఒప్పుకోలు అనుకున్నాను. మా క్లాసులోనూ ఇలాగే ఎంతమంది తల ఊపారో, ఎంతమందికి అర్థం కాలేదో అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ సాయంత్రం ఆమె ఇంటి ముందు నేల మీద కూర్చున్నాను. నేర్పమని అడిగాను. ఆమె ఇసుకలో వేలితో గీసింది. "గాలికి మూల దొరక్కూడదండి. మూల దొరికితే పట్టుకుంటాదండి. గుండ్రంగా ఉంటే చుట్టూ తిరిగి పోతాదండి." తర్వాత నా వీధి గీసింది. "ఇది తిన్నగా ఉందండి. గాలి కూడా తిన్నగానే వచ్చేత్తాదండి. ఇళ్లు ఒకదాని చాటున ఒకటి ఉండాలండి." గుమ్మాలు సముద్రం వైపు పెట్టడం గాలిని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి పిలవడమేనట. ఇంత కాలం నేను చదివిందీ చెప్పిందీ జామెట్రీయే. ఆమె రెండు నిమిషాల్లో చెప్పింది నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు రోజూ ఆమె దగ్గర ముడి కట్టడం నేర్చుకుంటున్నాను. తాడు తడిపి కట్టాలి, ఆరాక బిగుస్తుంది. మొదటి రోజు నా ముడి చూసి ఏమీ అనలేదు. నేను అటు తిరగగానే విప్పి మళ్లీ కట్టింది. "తప్పయితే తప్పని చెప్పు తల్లీ" అని బతిమాలాను. ఆమె నోట "తప్పండి" అనిపించడానికి మూడు రోజులు పట్టింది. అన్నాక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందో!

సంఘం కార్యదర్శికి ఉత్తరం రాశాను. ప్లాను నాది, తప్పు నాది. కట్టిన పధ్నాలుగు ఇళ్లకు గోడలు దించి, నాలుగు వైపులా చూరు వాల్చి, తాటాకు కప్పు వేస్తాం. మిగతా పద్దెనిమిదిలో సూరమ్మది పోగా పదిహేడు, ఊరివాళ్లు చెప్పినట్టు చుట్టిళ్లుగా కడతాం. సూరమ్మ ఇల్లు ముట్టుకోం. నేను రాసింది ఇదీ.

నిన్న జవాబొచ్చింది. ఒప్పుకున్న ప్లాను మార్చడానికి వీల్లేదట. జూన్ పదో తేదీన ఆయనే వస్తాడట. అప్పటికి పాత ఇల్లు తీసేసి ఉండకపోతే మిగతా ఇళ్లకు సామాను రాదట. నా పరిస్థితి చూడు. ఆమె ఇల్లు నిలబెడితే పదిహేడు కుటుంబాలు వానలో పట్టాల కింద ఉండాలి. వాళ్లకు ఇళ్లు రావాలంటే తుపాను కూల్చలేనిదాన్ని నా చేత్తో నేను కూల్చాలి. సూరమ్మకు చెప్పాను. "పదిహేడు ఇళ్లండి. తీసేయండి మేస్టారండీ" అంది. ఈసారి ఆ మాట నేను నమ్మలేదు.

అబ్రహాము

*

కడియం
27 మే 1997

అబ్రహామూ,

నీ ఉత్తరం పాపాయికి చదివి వినిపించాను. సగంలో నేను ఆగిపోతే తను తీసుకుని చదివింది. "నలభై ఏళ్లుగా నేనూ మీకు అలాగేనండి అంటున్నాను, ఒక్కసారైనా ఆలోచించారా?" అంది. ఇంట్లో నా పరిస్థితి ఇదీ.

ఇప్పుడు నా వంతు. తప్పంతా నీదని రాసేశావు. సగం నాది.

సరుగుడు కొట్టాక బెరడు తీసి, నెల రోజులు చెరువు బురదలో నానబెట్టి, నీడన ఆరబెట్టాలి. మా నాన్న నాకు నేర్పిన మొదటి పని ఇది. నువ్వు తొందరగా కావాలన్నావు. నేను నా లారీ గొప్ప, నా తోట గొప్ప చూపించుకోవాలనుకున్నాను. కొట్టిన నాలుగో రోజే పచ్చికర్ర ఎక్కించి పంపాను. పచ్చికర్రలో దిగిన మేకు, కర్ర ఆరేకొద్దీ వదులైపోతుంది. దొరబాబు వచ్చి కప్పులు లేచాయని చెప్పిన క్షణమే నాకు అర్థమైంది. అయినా పంతొమ్మిదో తేదీ ఉత్తరంలో "నా దగ్గర దాచావు" అని నిన్ను నిలదీశాను. నేను దాచింది రాయలేదు. నువ్వు సిగ్గుతో దాచావు, నేను పెద్దమనిషి వేషంలో దాచాను.

ఊరివాళ్లు కర్ర ముట్టుకోగానే పచ్చిదని గుర్తుపట్టి ఉంటారు. వాళ్లూ నా దగ్గర మర్యాద చూపించారన్నమాట.

పశువుల శాలకని నానబెట్టి, ఆరబెట్టి రెండేళ్లుగా దాచిన వాసాలు నూట యాభై ఉన్నాయి. లారీ ఎక్కిస్తున్నాను. పశువులు ఇంకో ఏడాది పాత శాలలో ఉంటాయి. తాటాకు కూడా మా తమ్ముళ్ల తోటలో కొట్టిస్తున్నాను. సంఘం సామాను వచ్చినా రాకపోయినా పని ఆగదు. ఆదివారానికి నేనే వస్తున్నాను. నాకు ముడి కట్టడం రాదు. సూరమ్మగారు నన్ను కూడా తిట్టే దాకా నేర్చుకుంటాను.

నీలాంటి స్నేహితుడు ఉన్నందుకు గర్వంగా ఉందిరా. ఎదురుగా ఉంటే ఈ మాట చచ్చినా అనను, అందుకే రాస్తున్నాను.

గంగరాజు

*

ఉప్పులదిబ్బ
14 జూన్ 1997

గంగరాజూ,

నువ్వు ఎనిమిదో తేదీన వెళ్లిపోయావు. రెండు రోజులు ఆగి ఉంటే చూసేవాడివి. నీ నర్సరీలో తొలకరి లోడు ఉందని తెలిసి ఆపలేకపోయాను గానీ, నీకు రాయకుండా ఉండలేను.

పదో తేదీ పొద్దున్నే కార్యదర్శి జీపులో దిగాడు. నిజానికి చెడ్డవాడు కాదు. మన పిల్లల వయసు. ఫైలు, కెమెరా. తిన్నటి వరసలు ఫొటో తీసి పైకి పంపాలి, లేకపోతే ఆయన ఉద్యోగానికి మాటొస్తుంది. అయిదు చుట్టిళ్లు అప్పటికే లేచాయి. వాటిని చూసి మొహం మాడ్చుకున్నాడు. సూరమ్మ ఇల్లు నిలిచే ఉండటం చూసి ఇంకా మాడ్చుకున్నాడు.

"మేస్టారూ, ఊరివాళ్లు ఒప్పుకున్నారని మీరే రాశారు కదండీ?" అన్నాడు.

"నేను చెప్పాను బాబూ, అడగలేదు. మీరు అడగండి" అన్నాను.

ఊరంతా గుమిగూడింది. ఆయన సూరమ్మ దగ్గరికి వెళ్లి మర్యాదగానే అడిగాడు. "అమ్మా, మీకు మంచి ఇల్లు కట్టిస్తాం. ఈ పాతది తీసేద్దామా?" ఆమె నా వైపు చూసింది. "నా వైపు చూడకమ్మా, నీ ఇల్లు" అన్నాను. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ, తల వంచుకునే అంది.

"వద్దండి. తియ్యొద్దండి. కోప్పడకండి."

ఆ ఒక్క మాట ఆమె నోట్లోంచి రావడానికి ఎంత బలం కావాలో నాకు తెలుసు. తర్వాత అబ్బులు అన్నాడు, "వద్దండి." వాడి వెనక ఇంకొకరు. ముప్పై రెండు కుటుంబాల వాళ్లూ ఒకరి తర్వాత ఒకరు, భయపడుతూ, అండి తగిలిస్తూ, వద్దండి అన్నారు. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

కార్యదర్శి కంగారుపడ్డాడు. "మరి నా లిస్టులో ముప్పై రెండు ఇళ్లు చూపించాలండీ" అన్నాడు. ఆయన బాధ అదని అప్పుడు అర్థమైంది. "చూపించండి. ముప్పై ఒక్కటి మనం కట్టినవి. ముప్పై రెండోది సూరమ్మ కట్టినది. ఊరిలో అన్నిటికంటే గట్టి ఇల్లు మీ లిస్టులో ఉంటే మీకే పేరు. ప్లాను మార్చింది నేనని నా సంతకంతో రాసిస్తాను, మాటొస్తే నాకు రావాలి" అన్నాను. ఆయన వంగి ఆ ఇంట్లోకి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం, బయట నిప్పులు కురుస్తున్నాయి. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక జీపులోంచి రంగు డబ్బా తెప్పించి, ఆ తలుపు మీద తనే 32 అని రాశాడు. సామాను శుక్రవారం దిగింది.

పిల్లలకు కాలేజీలు తెరుస్తున్నారు, వెళ్లిపోయారు. మొదటి పధ్నాలుగు ఇళ్లకూ గోడలు దించి తాటాకు కప్పేశాం. తొమ్మిది చుట్టిళ్లు పూర్తయ్యాయి. మిగిలిన ఎనిమిదీ ఆడవాళ్లే కట్టుకుంటున్నారు, నేను తాడు తడిపి అందిస్తున్నాను. నా ప్రమోషను అదీ. తొలి వాన నిన్న పడింది. వరసలు ఎక్కడా తిన్నగా లేవు. ఇంత అందమైన ఊరును నేను చూడలేదు.

అబ్రహాము

*

ఉప్పులదిబ్బ
20 అక్టోబరు 1997

గంగరాజుగారండీ, దండాలండి.

నేను సూరమ్మనండి. నాకు చదువు రాదు కదండీ, మొన్న శనివారం మేస్టారు మమ్మల్ని చూడ్డానికొచ్చేరు, నేను చెప్తంటే ఆయన రాత్తన్నారండి. ఆయన గురించి చెప్పిందీ ఆయనే రాయాలండి. ఒక్క ముక్క వదిలినా పోస్టు బాబు చేత చదివించుకుంటానని ముందే చెప్పేనండి. తల వంచుకుని రాత్తన్నారు.

మేస్టారు మంచోరండి. మంచోరు చాలామందొచ్చేరండి తుపాను తర్వాత. బియ్యం ఇచ్చేరు, బట్టలిచ్చేరు. మా తల్లుల్లాంటోరు. కానీ నా పక్కన నేల మీద కూకుని, నాకు నేర్పమ్మా అన్నోరు ఈయనొక్కరేనండి. నా జన్మలో నన్నెవరూ ఏదీ అడగలేదండి. ఆ రోజు ఇంటికెళ్లి నా చేతులు నేనే చూసుకున్నానండి. (ఇక్కడ ఆయన కలం ఆపేసేరండి. రాయండి మేస్టారండీ అన్నాను.)

మీరు కూడా మంచోరేనండి. మీ ముళ్లు మాత్రం బాగోవండి. మీరెళ్లేక నాలుగు విప్పి కట్టేను. తప్పయితే తప్పని చెప్పమన్నారు కదండీ.

పోయిన నెల గాలొచ్చిందండి. మేలో వచ్చినట్టు పావుగంట కాదండి. పొద్దున్న మొదలయ్యి సాయంత్రం దాకా కొట్టిందండి. గాలి మొదలవ్వగానే నాకు తెలుసు కదండీ, అందరూ వచ్చేత్తారని. చిన్నప్పట్నించీ చూత్తన్నానండి. ఎప్పుడు గాలొచ్చినా ఊరంతా మా అమ్మ ఇంటికే వచ్చేవోరు, తర్వాత నా ఇంటికి. చాపలన్నీ తీసి చుట్టేసి చోటు చేసేను. పెద్ద కుండ పెట్టి నలభై మందికి గంజి కాచేను. లోటాలు కడిగి వరసగా పెట్టుకుని కూకున్నానండి.

ఒక్కరూ రాలేదండి.

మధ్యాహ్నమైంది, రాలేదు. అబ్బులు కూడా పెళ్లాం పిల్లల్తో ఆడింట్లోనే ఉండిపోయేడు. అబద్ధమెందుకండీ, కాసేపు నాకు రోషమొచ్చింది. ఇంకెవరికీ నాతో పనిలేదా అనిపించిందండి. తలుపు కంతలోంచి చూసేను. ఒక్క కప్పు లేవలేదండి. మీ వాసాలు కదల్లేదు. ఇంటింటికీ పొగొత్తంది. ఎవరి పొయ్యి మీద ఆళ్లు వండుకుంటన్నారండి.

అప్పుడు ఏడిచేనండి. ఎందుకో నాకే తెలీదు. మా అమ్మ చచ్చిపోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

సాయంత్రం గాలి ఆగేక ఆ కుండ నెత్తినెట్టుకుని నేనే బయల్దేరేనండి. మొదటి ఇంటికెళ్లి తలుపు కొట్టేను. తీసేరు. రెండో ఇల్లు, తీసేరు. అలా ముప్పై ఒక్క తలుపులు కొట్టేనండి. ప్రతీ తలుపూ లోపల్నించి ఎవరో ఒకరు తీసి, "రాండి సూరమ్మత్తా, లోపలికి రాండి" అన్నారండి.

ఇట్లు,
సూరమ్మ వేలిముద్ర